పాత ఇంపల్స్‌కు 21, 18 అంగుళాల చక్రాలు: రిమ్ము కొనేముందు హబ్బు కొలవండి

అన్నా, మీరు అడిగింది ఇది. బండి 2012 హీరో ఇంపల్స్, ఉండేది అనంతపురంలో. వారాంతాల్లో గండికోట బండలు, పెన్న ఇసుక, పెనుకొండ గుట్టల దారులు. ముందు రిమ్ము రెండుచోట్ల నొక్కుకుపోయింది, వెనక నెలకో స్పోకు తెగుతోంది, వెనక బ్రేకు తొక్కితే పెడల్ కాలి కింద కొట్టుకుంటోంది. హీరోదే ఇంకో బండి ఎక్స్‌పల్స్ 200కు ఉన్నట్టు ముందు 21, వెనక 18 చక్రాలు దీనికి ఎక్కించొచ్చా, ఎక్కిస్తే ఏమేం కావాలి?

ఎక్కించొచ్చు. అయితే మీరు చెప్పిన మూడింటిలో రిమ్ము తప్పు ఒక్కటే. స్పోకులు తెగడం, పెడల్ కొట్టుకోవడం హబ్బు, అంటే స్పోకులు పుట్టే చక్రం నడిమి భాగం, వైపు నుంచి వస్తున్నవి. ఆ హబ్బు మీదే కొత్త అల్యూమినియం రిమ్ము కట్టిస్తే చూడ్డానికి బాగుంటుంది, స్పోకులు మాత్రం తెగుతూనే ఉంటాయి. డబ్బు పెట్టే వరస ముందు హబ్బు, బేరింగులు, తర్వాత స్పోకులు, ఆఖరికి రిమ్ము. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

స్పోకు ఎందుకు తెగుతుందో ముందు తేల్చుకోవాలి. స్పోకు లాగుడును ఓర్చుకుంటుంది కానీ తోపును ఓర్చుకోలేదు. నేల తాకేచోట ఉన్న నాలుగైదు స్పోకుల బిగువు కాస్త తగ్గి, అవి పైకి వెళ్లగానే మళ్లీ పెరుగుతుంది. మీ వెనక చక్రం కిలోమీటరుకు సుమారు 500 సార్లు తిరుగుతుంది, ప్రతి తిరుగుడుకూ ఇదే జరుగుతుంది. మొదటే చాలినంత బిగువుంటే ఆ తగ్గుదల సున్నా దాకా రాదు. వదులుగా ఉంటే సున్నాకు పడి, హబ్బు రంధ్రంలో స్పోకు మెడ అటూ ఇటూ ఆడుతుంది. తీగను పదేపదే వంచితే ఎలా విరుగుతుందో అలాగే విరుగుతుంది. ఒకటి తెగితే దాని పని పక్కవాటి మీద పడుతుంది, నెల తిరిగేసరికి ఇంకోటి.

తెగిన ముక్కను పారేయకండి. హబ్బు దగ్గర వంపులో తెగితే వదులు స్పోకులో, అరిగి సాగిన హబ్బు రంధ్రాలో కారణం. నిపుల్, అంటే స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు, దగ్గర మరలో తెగితే స్పోకు పొట్టిదయినా అయి ఉండాలి, రిమ్ము రంధ్రం కోణం హబ్బుకు కుదరకపోయినా అయి ఉండాలి. నడిమధ్యలో తెగితే రాయి తగిలినట్టో, చైను జారి కోసినట్టో.

ఇప్పుడు హబ్బు. రెండు చక్రాలూ విప్పి, డీజిలుతో కడిగి, ఆరనిచ్చి చూడండి. స్పోకు రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయా? కొత్త స్పోకు పెడితే 0.2, 0.3 మి.మీ. ఆట ఉండొచ్చు, అంతకు మించితే ఆ హబ్బు పక్కన పెట్టాల్సిందే. పగుళ్లు కంటికి కనపడకపోతే పాత పద్ధతి ఒకటుంది: హబ్బు అంచులకు కిరోసిన్ పట్టించి అరగంట ఉంచి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూయండి. పగులులో దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నని తడి గీత కనిపిస్తుంది. రంధ్రాల మధ్య అలాంటి గీత ఒక్కటి కనపడినా వెల్డింగు ఆలోచన చేయొద్దు, పోత అల్యూమినియం హబ్బు వెల్డింగు దగ్గరే మళ్లీ విరుగుతుంది.

వెనక హబ్బులోనే ఉండే బ్రేకు డ్రమ్ము 130 మి.మీ. లోపలి వ్యాసాన్ని వెర్నియర్‌తో కనీసం నాలుగు దిక్కుల్లో కొలవండి. ఈ సైజు డ్రమ్ముకు మామూలుగా 131 దాకా అరుగుదల ఒప్పుకుంటారు, ఆ హద్దు హబ్బు మీదే పోతపోసి ఉంటుంది. నాలుగు కొలతల మధ్య తేడా ఉంటే డ్రమ్ము గుండ్రతనం పోయినట్టు. పెడల్ కొట్టుకోవడానికి కారణం అదే. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి: స్పోకుల బిగువు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే ఆ లాగుడుకే డ్రమ్ము ఓవల్ అవుతుంది. కాబట్టి లేత్ మీద డ్రమ్ము తోడించడం స్పోకులన్నీ కట్టి, బెండు, అంటే చక్రం వంకర, తీశాకే చేయాలి. ఉత్త హబ్బును తోడించి తర్వాత స్పోకులు బిగిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. 18 అంగుళాల చక్రం మొత్తం తిరగాలంటే పెద్ద లేత్ కావాలి, షాపుకు వెళ్లేముందే అడగండి.

బేరింగుల దగ్గర కొంచెం ఆగుదాం, ఎక్కువ చక్రాలు పాడయ్యేది ఇక్కడే. పాత బేరింగు మీద అంకె ఉంటుంది, అదే తెచ్చుకోండి. అంకె చెరిగిపోతే కొలిచి పోల్చుకోవచ్చు: 6301 అంటే లోపల 12, బయట 37, వెడల్పు 12 మి.మీ. 6202 అయితే 15, 35, 11. 6302 అయితే 15, 42, 13. 6004 అయితే 20, 42, 12. ఈ చివరి రెండింటికీ బయటి వ్యాసం ఒకటే 42. కాబట్టి వేరే బండి యాక్సిల్ వాడాల్సి వచ్చినప్పుడు హబ్బును తోడకుండా బేరింగు మార్చి సరిపెట్టుకునే వీలుంది, వెడల్పులో తేడా వచ్చే 1 మి.మీ. బేరింగుల మధ్య గొట్టం స్పేసర్‌లో చూసుకోవాలి. తీసుకునేటప్పుడు అంకె వెనక 2ఆర్‌ఎస్ అని ఉన్నదే, అంటే రెండువైపులా రబ్బరు సీలున్నదే తీసుకోండి. జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత, పెన్న ఇసుకనూ వంక నీళ్లనూ అది ఆపదు.

రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం స్పేసర్‌ను పారేసి బండి నడిపేవాళ్లున్నారు, ఎవరైనా చెప్పినా వినొద్దు. యాక్సిల్ నట్టు బిగించినప్పుడు ఆ బిగువు ఫోర్కు నుంచి కాలర్‌కు, అంటే యాక్సిల్ మీద పక్కన ఉండే పొట్టి గొట్టానికి, బేరింగు లోపలి రింగుకు, ఆ గొట్టానికి, అవతలి లోపలి రింగుకు వెళ్లాలి. గొట్టం లేకపోతే, లేదా అర మి.మీ. పొట్టిదైతే, లోపలి రింగులు ఒకదాని వైపు ఒకటి నొక్కుకుంటాయి, గోళీలు పక్కకు ఒరిగి నడుస్తాయి, బేరింగు వేడెక్కి కొన్ని వందల కిలోమీటర్లకే పోతుంది. హబ్బు లోపల రెండు మెట్ల మధ్య దూరం కంటే గొట్టం పొడవు ఒక వెంట్రుక ఎక్కువ ఉండాలి, 0.1 మి.మీ. చాలు.

బేరింగు దించేటప్పుడు హబ్బును నీటిచుక్క చిటపటమనేంత, అంటే 100 డిగ్రీల దాకా వేడి చేయండి, బేరింగును ముందు రాత్రి ఫ్రీజర్‌లో ఉంచండి. మొదటిది మెట్టు తాకేదాకా దించండి, గొట్టం పెట్టండి, రెండోది దాని లోపలి రింగు గొట్టాన్ని తాకగానే ఆపండి. గొట్టాన్ని వేలితో పక్కకు నెడితే బరువుగా కదలాలి. దించడానికి బయటి రింగు మీద మాత్రమే కూర్చునే సాకెట్టు వాడాలి, లోపలి రింగు మీద కొడితే గోళీల దారిలో గుంటలు పడతాయి. బేరింగు చేత్తో నెట్టితేనే దూరిపోతే ఆ గూడు అరిగింది. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు తెచ్చేవాళ్లుంటారు, అది నెల రోజుల ముచ్చట. లేత్‌లో తోడించి బుష్ వేయించాలి. వెనక స్ప్రాకెట్ క్యారియర్‌లో ఉండే మూడో బేరింగును మరిచిపోకండి. పక్కనే హబ్ రబ్బర్లు కూడా మార్చండి, ఈ వయసుకు అవి రాయిలా అయివుంటాయి.

యాక్సిల్ వంపు చూడ్డానికి యంత్రం అక్కర్లేదు, నునుపు చేసిన కడప బండ మీద దొర్లించండి. కింద ఎక్కడైనా 0.2 మి.మీ. ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకు) దూరిందంటే మార్చేయండి.

ఇక సైజు సంగతి. ఇంపల్స్‌కు కంపెనీ ఇచ్చినవి ముందు 90/90-19, వెనక 110/90-17. ముందు 90/90-21 వేస్తే టైరు వ్యాసం సుమారు 645 నుంచి 695 మి.మీ. అవుతుంది, ముందుభాగం 25 మి.మీ. లేస్తుంది. వెనక 120/80-18 వేస్తే వ్యాసం 630 నుంచి 649, అంటే 10 మి.మీ. లేస్తుంది. తేడాగా ముందు 15 మి.మీ. పైకి వెళ్లినట్టు, ఫోర్కు అరడిగ్రీకి కాస్త ఎక్కువ వెనక్కి వాలుతుంది. ఇసుకలో, గులకరాళ్లలో ఇది మేలు, హ్యాండిల్ స్థిరంగా ఉంటుంది. ఊరి సందుల్లో మాత్రం తిరగడానికి కొంచెం బద్ధకిస్తుంది. అది నచ్చకపోతే ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లో 10, 15 మి.మీ. పైకి జరపొచ్చు. అలా జరిపితే టైరుకూ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ 25కు తోడు ఇంకో 15, మొత్తం 40 మి.మీ. తగ్గుతుందని గుర్తుంచుకోండి.

ఆ ఖాళీని అంచనా వేయొద్దు, కొలవండి. ఫోర్కు స్ప్రింగులు తీసి, చక్రం బిగించి, ఫోర్కును అడుగంటా కుదించి చూడండి. టైరుకూ మడ్‌గార్డుకూ, కింది క్లాంపుకూ మధ్య కనీసం 15 మి.మీ. మిగలాలి. ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడిలో వానాకాలం తిరిగేవాళ్లకు 15 చాలదు, ఆ మట్టి టైరుకు గారెలా అంటుకుని మడ్‌గార్డు కింద ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. వాళ్లు మడ్‌గార్డును స్పేసర్లతో పైకెత్తుకోవాలి.

ఎక్స్‌పల్స్ ముందు చక్రం మొత్తంగా తెచ్చి వేయడం ఒక దారి, మీ హబ్బు మీదే 21 రిమ్ము కట్టించడం ఇంకో దారి. నేను రెండోదే చెబుతాను. ఎక్స్‌పల్స్ డిస్కు 276 మి.మీ., మీది 240. వ్యాసార్థంలో 18 మి.మీ. తేడా, అంటే కాలిపర్‌ను అంత బయటికి జరిపే బ్రాకెట్ చేయించాలి. పైగా యాక్సిల్, కాలర్లు, స్పీడో డ్రైవు అన్నీ సరిపెట్టాలి. బ్రేకు బరువు మోసే బ్రాకెట్‌ను ఊరి లేత్‌లో మామూలు పట్టీతో చేయించడం నాకు ఒప్పుదల కాని పని. మీ హబ్బు బాగుంటే డిస్కు, కాలిపర్, యాక్సిల్ అన్నీ ఉన్నవే ఉంటాయి, మారేది రిమ్ము, స్పోకులే. చక్రం ఇంత పెద్దదైతే అదే డిస్కుతో నేల మీద బ్రేకు పట్టు దాదాపు 7 శాతం తగ్గుతుంది, కొత్త ప్యాడ్లు, కొత్త ఆయిలుతో దాన్ని సర్దుకోవచ్చు. స్పీడో ముందు చక్రం నుంచి తీసుకుంటే 60 చూపించినప్పుడు నిజానికి 65కు దగ్గరగా వెళ్తుంటారు.

వెనక డిస్కు పెట్టాలన్న కోరిక వదులుకోండి. మాస్టర్ సిలిండర్‌కు చోటు, కాలిపర్ తిరగకుండా పట్టే ఆనిక, పెడల్ మార్పు, ఫ్రేముకు వెల్డింగు, ఇంత చేసి 150 సీసీ బండికి వచ్చే లాభం తక్కువ. గుండ్రంగా ఉన్న డ్రమ్ము, కొత్త షూలు బురదలో కూడా చక్కగా పనిచేస్తాయి. వెనక వ్యాసం 3 శాతం పెరుగుతుంది కాబట్టి లాగుడు కాస్త తగ్గుతుంది, వెనక స్ప్రాకెట్‌కు ఒక పన్ను పెంచితే సరి.

రిమ్ము కొనేటప్పుడు ముందు 1.60 లేదా 1.85 అంగుళాల వెడల్పు, వెనక 2.15. రంధ్రాల లెక్క హబ్బుతో కలవాలి, మన బండ్లలో 36 ఎక్కువ, అయినా మీరే లెక్కపెట్టండి. అసలు మోసం రంధ్రాల కోణంలో ఉంటుంది. డిస్కు హబ్బుల అంచు చిన్నది, డ్రమ్ము హబ్బు అంచు పెద్దది. చిన్న హబ్బు కోసం తొలిచిన రిమ్మును మీ వెనక డ్రమ్ము హబ్బుకు కడితే స్పోకు నిపుల్‌లోంచి తిన్నగా రాదు, అక్కడే కొంచెం వంగి బయటికొస్తుంది. అలాంటి చక్రం ఎంత బాగా బెండు తీసినా మర దగ్గర తెగుతూ పోతుంది. ఎక్స్‌పల్స్ వెనక రిమ్ము డిస్కు హబ్బుకు తొలిచింది, కాబట్టి మీ డ్రమ్ముకు అది కుదురుతుందని ముందే డబ్బు ఇవ్వకండి. ఒక స్పోకు, నిపుల్ పెట్టి, హబ్బు వైపు తిన్నగా చూస్తోందో లేదో చూసి కొనండి. ఎక్సెల్, డి.ఐ.డి. కంపెనీల రిమ్ములైతే తొలవని రిమ్ము తెప్పించి హబ్బు కొలతకు తొలిపించే వీలుంది.

స్పోకు పొడవుకు మొదటి అంచనా సులభం: అదే హబ్బు, అదే అల్లిక అయితే రిమ్ము ఒక అంగుళం పెరిగితే స్పోకు సుమారు 12.5 మి.మీ. పెరగాలి. ముందు 19 నుంచి 21కి దాదాపు 25, వెనక 17 నుంచి 18కి 12 చిల్లర. రిమ్ము లోతు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ముందు నాలుగు స్పోకులే చేయించి, నాలుగు దిక్కులా కట్టి చూసి, తర్వాత మొత్తం ఆర్డరివ్వండి. నిపుల్ బయట హబ్బు వైపు మర కనిపిస్తే స్పోకు పొట్టి. నిపుల్ తల దాటి ట్యూబు వైపు పొడుచుకొస్తే పొడవు. హబ్బుకు లోపలి, బయటి స్పోకుల వంపు వేరువేరుగా ఉంటుంది, ఒక్కో రకం ఒక్కోటి నమూనాగా ఇవ్వాలి. లావు విషయానికొస్తే 10 గేజి 3.25 మి.మీ., 9 గేజి 3.66, 8 గేజి 4.06. లావు స్పోకు కోసం పాత హబ్బు రంధ్రాలు తొలవకండి, రంధ్రాల మధ్య మిగిలే లోహం తగ్గి అంచు చీలిపోతుంది. ఉన్న గేజిలోనే మంచి స్టెయిన్‌లెస్ స్పోకులు వేయించండి. మన జిల్లాలో చౌడు నేలల్లో తడిలో తిరిగిన బండ్లకు మామూలు స్పోకులు తుప్పుపట్టి నిపుల్‌తో ఒకటైపోతాయి.

పాత చక్రం విప్పేముందు ఒక్క కొలత తప్పనిసరి. హబ్బు డిస్కు ముఖం మీద ఇనుప స్కేలు ఆనించి అక్కడి నుంచి రిమ్ము అంచు ఎంత లోపలికో, బయటికో మి.మీ.లలో రాసుకోండి. వెనక స్ప్రాకెట్ వైపూ అంతే. పాత, కొత్త రిమ్ముల వెడల్పు వేరైతే సగం సగం లెక్క వేసుకోవాలి, లెక్క ఎప్పుడూ రిమ్ము నడిమి గీతకే. ఈ కాగితం లేకుండా విప్పితే చక్రం ఏ పక్కకు కూర్చోవాలో తర్వాత ఎవరూ చెప్పలేరు. అల్లిక ఫొటోలు రెండు పక్కలా తీసుకోండి.

అల్లేటప్పుడు నిపుల్ కూర్చునే చోట కాస్త గ్రీజు, మరకు చుక్క నూనె. అన్నీ వేళ్లతో సమానంగా ఎక్కించి, వాల్వు రంధ్రం దగ్గర మొదలుపెట్టి 1, 4, 7 ఇలా రెండు వదిలి ఒకటి, పావు తిప్పు చొప్పున తిరగండి. తర్వాత 2, 5, 8, ఆపైన 3, 6, 9. వరసగా పక్కపక్కవి బిగిస్తే రిమ్ము ఒక వైపుకు లాక్కుపోతుంది. మొదట పైకీ కిందికీ ఉన్న ఎగురుడు తీయాలి, తర్వాతే పక్కల ఊగుడు. ఎగురుడు చివర్లో తీయబోతే పక్కలు మళ్లీ చెడతాయి. కొత్త రిమ్ముకు రెండూ 1 మి.మీ. లోపల ఉండాలి. బిగువు 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు, చిన్న స్పోకు టార్క్ రెంచితో. అది లేకపోతే స్పానరుతో తట్టి వినండి: ఒకే వైపు స్పోకులన్నీ ఒకే శ్రుతిలో మోగాలి, దబ్‌మన్నది వదులు. అంతా అయ్యాక పక్కపక్కన సమాంతరంగా పోయే స్పోకులను రెండేసి చొప్పున చేత్తో గట్టిగా నొక్కి వదలండి, వంపులు హబ్బులో కుదురుకుంటాయి. మళ్లీ బెండు చూడాలి. పొడుచుకొచ్చిన మొనలు ఆకురాయితో నిపుల్ మట్టానికి రాపి, రిమ్ము టేపు వేయండి.

బిగించేటప్పుడు డిస్కు కాలిపర్ నడిమధ్యన తిరగాలి, డిస్కు ఊగుడు 0.3 మి.మీ. దాటకూడదు. పక్కకు పోతే వాషర్లు పేర్చొద్దు, కొలిచిన కాలర్ ఒకటే చేయించండి. వాషర్ల దొంతర నలిగి నట్టు వదులవుతుంది. వెనక చైను లైను ఒక తిన్నని పట్టీతో రెండు స్ప్రాకెట్లకూ ఆనించి చూడండి, తేడా 1 మి.మీ. లోపల ఉండాలి. సైడ్ స్టాండు పొట్టిదై బండి ఎక్కువ వాలుతుంది, దాని కింద చిన్న పట్టీ వెల్డు చేయిస్తే చాలు.

ట్యూబులు మందంవి, సైజుకు తగ్గవే వేయండి, 21 టైరులో 19 ట్యూబు సాగదీసి పెడితే కంప ముల్లు తగలగానే చీలిపోతుంది. టేపు అంటించి ట్యూబ్‌లెస్ చేస్తామనేవాళ్లు ఈ రిమ్ముల్లో టైరు అంచును పట్టి ఉంచే గట్టు ఉందా అని చూడరు. అది లేని రిమ్ములో గాలి తగ్గగానే టైరు అంచు జారి, గాలంతా ఒక్కసారిగా పోతుంది. ముందు చక్రానికి అసలు వద్దు. బండల మీద 20, 22 పీఎస్‌ఐ కంటే దించకండి. గండికోట చుట్టూ రాళ్ల అంచులు పదును, ట్యూబును రిమ్ముకేసి కొరికి రెండు పక్కపక్క చీలికలు చేస్తాయి. ఇసుకలో 15, 16 దాకా దించాలంటే వెనక రిమ్ లాక్, అంటే టైరు అంచును రిమ్ముకు అదిమిపట్టే బిగింపు, పెట్టండి, లేకపోతే టైరు రిమ్ము మీద తిరిగి వాల్వును పీకేస్తుంది. వాల్వు మీది నట్టును రిమ్ముకు బిగించకుండా మూత వైపు వదిలేస్తే, ట్యూబు జరిగినప్పుడు వాల్వు వంగడం కంటికి కనిపిస్తుంది.

కాగితాల మాట కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటితో కలవకుండా బండిని మార్చకూడదు. చక్రాల సైజు మార్చేముందు ఆర్‌టీవో కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడగండి. కుదరదంటే ఇదే హబ్బు పని, ఇవే కొత్త స్పోకులు, 19, 17 అల్యూమినియం రిమ్ములతో చేయించుకోవచ్చు. స్పోకులు తెగడం, పెడల్ కొట్టుకోవడం దానితోనే పోతాయి.

కొత్త చక్రాలతో మొదటి 20 కిలోమీటర్లు తారు రోడ్డు మీద నిదానంగా నడిపి, ఆపగానే హబ్బు మీద చెయ్యి పెట్టండి. బేరింగు దగ్గర చెయ్యి ఆనించలేనంత వేడుంటే గొట్టం స్పేసర్ పొట్టిదైనట్టు, వెంటనే విప్పండి. వెనక షూలు రాసుకుంటున్నా డ్రమ్ము కాలుతుంది, అది ముందు చూసుకోండి. స్పోకుల బిగువు 20 దగ్గర, 100 దగ్గర, 500 దగ్గర చూడాలి. కొత్త స్పోకులు కుదురుకునేది ఈ 500 లోపే. ఆ తర్వాత గుట్టలకు వెళ్లొచ్చిన ప్రతిసారీ చక్రం తిప్పుతూ స్పానరు తగిలించి వినండి. కడిగేటప్పుడు ప్రెషర్ వాటర్‌ను హబ్బు సీళ్ల మీదికి పట్టొద్దు, నీళ్లు లోపలికి దూరి గ్రీజును కడిగేస్తాయి.